మా ఇంట్లో లేవనుకున్న పదకొండు కార్డులు

మా ఆయనకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చిన ఆరో రోజు ఉదయం ఆ ఫోన్ వచ్చింది. కళ్ళు తెరిస్తే నొప్పి, వెలుతురు పడితే తలనొప్పి అని తన ఫోన్ నాకిచ్చేసి ఆ మంచం మీద పడుకుని ఉండిపోయాడు. నేను దాన్ని సైలెంట్‌లో పెట్టి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరుగుతున్నాను. వాళ్ళ మేనేజరు ఫోన్ చేస్తే మాత్రం ఎత్తి, "ప్లేట్‌లెట్లు ఇంకా ముప్పై వేల దగ్గరే ఉన్నాయండి" అని చెబుతున్నాను. ఆ రోజు కూడా మేనేజరే అనుకుని ఎత్తాను.

ఒక అమ్మాయి గొంతు. చాలా మర్యాదగా ఉంది. సార్ ఉన్నారా, కార్డు పేమెంట్ గురించి మాట్లాడాలి అంది.

"ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. నేను ఆయన భార్యను. ఏ కార్డు?"

"క్రెడిట్ కార్డు మేడం."

"మాకు క్రెడిట్ కార్డు లేదమ్మా. రాంగ్ నంబర్."

ఆ అమ్మాయి మా ఆయన పేరు ఇంటిపేరుతో సహా చదివింది. తరువాత, "ఇంతకు మించి కార్డు ఉన్నవాళ్ళకు తప్ప చెప్పకూడదు మేడం. గడువు దాటిపోయింది, కోలుకున్నాక ఒకసారి చూసుకోమనండి. సార్ ఆరోగ్యం జాగ్రత్త" అని పెట్టేసింది.

నేను ఆసుపత్రి వరండాలో అలాగే నిలబడ్డాను. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. మళ్ళీ వెలిగింది, ఎత్తాను. ఈసారి మగగొంతు, వేరే బ్యాంకు. అదే మాట.

ఒకటైతే పొరపాటు అనుకునేదాన్ని. రెండు బ్యాంకులు ఒకే మనిషి విషయంలో పొరపాటు పడవు.

నేనెందుకంత బెదిరిపోయానో అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. మాది అనంతపురం వైపు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాయన వరసగా మూడు బోర్లు వేయించి, మూడింట్లోనూ దుమ్ము తప్ప నీళ్ళు చూడలేదు. అప్పిచ్చిన పెద్దమనిషి పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. తిట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు. ఊరికే కూర్చునేవాడు. మా అమ్మ మూడు పూటలా కాఫీ ఇచ్చేది. నేను బడి నుంచి వచ్చేసరికి కూడా అతని చెప్పులు మెట్ల కింద ఉండేవి. ఇంట్లోకి పోవాలంటే ఆ చెప్పులు దాటాలి. వాటికి కాలు తగలకుండా గోడవారగా దాటేదాన్ని.

అందుకే హైటెక్ సిటీలో ఒకే టీములో పనిచేస్తూ ఇద్దరం ఇష్టపడి పెళ్ళి మాట వచ్చినప్పుడు, నేను పెట్టిన షరతు ఒక్కటే. బంగారం అడగలేదు, ఇల్లు అడగలేదు. "మన ఇంట్లోకి క్రెడిట్ కార్డు రాకూడదు" అన్నాను. ఆయనది లింగంపల్లి. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. నా మాట విని నవ్వి, "గింతేనా?" అన్నాడు. సరే అన్నాడు. ఏడేళ్ళు నేను ఆ మాట మీద హాయిగా నిద్రపోయాను. నా జీతం వచ్చిన రోజే ఇంటి ఖర్చుకని సగం ఆయన ఖాతాకు పంపేదాన్ని. లెక్కలన్నీ ఆయనవే. ఫోన్ తెరిచే నంబరు కూడా నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదని గర్వంగా ఉండేది.

ఆ ఫోన్ నంబరు నొక్కితేనో వేలిముద్ర పెడితేనో తప్ప తెరుచుకోదు. ఆయన వేలికి సెలైన్ పట్టీలు, క్లిప్పులు. అడగాలంటే నోరు రాలేదు. డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు, మరో రెండు రోజులు జాగ్రత్తగా చూడాలి, ఏ టెన్షనూ పెట్టొద్దని.

నర్సుకు చెప్పి గోపన్‌పల్లిలోని మా ఫ్లాటుకు వచ్చాను. మా అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది, మా పాపను చూసుకోవడానికి, ఆసుపత్రికి జావ కాచి పంపడానికి. ఆమె వంటింట్లో ఉంటే నేను పడకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను.

ఎక్కడ వెతకాలో తెలియలేదు. బీరువాలో ఆయన చొక్కాల కింద చూశాను. పరుపు ఎత్తి చూశాను. అలా చూస్తున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. చివరికి వాషింగ్ మెషిన్, మిక్సీ వారంటీ కాగితాలు పెట్టుకునే పాత ఫైలు కనిపించింది. దాన్ని ఎవరూ తెరవరు. నేను ఏడేళ్ళలో ఒక్కసారీ తెరవలేదు. అడుగున పాల ప్యాకెట్ల రబ్బరు బ్యాండు వేసిన ఒక కట్ట ఉంది.

ఒకటి, రెండు, మూడు. పదకొండు కార్డులు. నీలం, నలుపు, బంగారు రంగు, ఎరుపు. ప్రతి దాని మీదా చిన్న తెల్ల కాగితం అంటించి, దాని మీద పెన్నుతో రెండు అంకెలు. 4, 22. 11, 29. 17, 5. ఏమిటవి? వాయిదాలా? ఎన్ని నెలల వాయిదాలు? ఫైల్లోనే ఆ కార్డులతోపాటు వచ్చిన ఉత్తరాలున్నాయి. ఒక్కోదాంట్లో పెద్ద అక్షరాల్లో ఒక మొత్తం. లక్షా యాభై వేలు. రెండు లక్షలు. మూడు లక్షల ఇరవై వేలు. కరెంటు బిల్లు వెనక వాటిని ఒకదాని కింద ఒకటి రాసి కూడాను.

ఇరవై మూడు లక్షల అరవై వేలు.

మళ్ళీ కూడాను. అంతే వచ్చింది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా వేరేవాళ్ళు రాసిన దాంట్లో తప్పులు పట్టడమే నా పని. నా ఇంట్లో ఇరవై మూడు లక్షలు ఏడేళ్ళుగా నా కళ్ళ ముందే తిరుగుతుంటే పట్టలేకపోయాను. నేలమీద కూలబడ్డాను. ఆ మనిషి దేనికి వాడి ఉంటాడు? షేర్లా? ఆన్‌లైన్ రమ్మీయా? మా ఆఫీసు ఫ్లోర్‌లో ఒకతను అలాగే పోగొట్టుకుని నోటీసు పీరియడ్ కూడా చేయకుండా వెళ్ళిపోయాడు. లేకపోతే ఇంకెవరైనా? అదీ అనుకున్నాను. మనసు ఒకసారి జారితే ఎంత లోతుకైనా పోతుందని అప్పుడు తెలిసింది.

అమ్మ తలుపు తోసుకుని వచ్చింది. "ఏమే, అట్ల కూలబడితివి? అల్లునికి ఏమన్నా..."

"ఏం లేదు. కళ్ళు తిరిగినాయి" అన్నాను. కార్డులు చున్నీ కింద దాచాను. నేనూ దాచాను. ఆ క్షణంలో నాకది తట్టలేదు.

అమ్మ కట్టిచ్చిన జావ ఫ్లాస్కు తీసుకున్నాను. దాంతోపాటు బీరువాలోంచి నా గాజుల పెట్టె కూడా తీసుకున్నాను. ఆటో ఎక్కి ఆసుపత్రికి కాదు, లింగంపల్లి స్టేషన్ దగ్గర బంగారం మీద అప్పిచ్చే షాపుకు పొమ్మన్నాను. అక్కడ నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. నా ముందు ఒక పెద్దావిడ నల్లపూసల గొలుసు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. నా వంతు వచ్చాక కౌంటర్లో అతను గాజులు తూచి, ఒక కాగితం మీద అంకె రాసి నా వైపు తిప్పాడు. నేను కూడిన దాంట్లో మూడో వంతు కూడా లేదు.

"పెట్టమంటరా మేడం?" అన్నాడు.

అతని వెనక గోడ మీద వడ్డీ రేట్ల బోర్డు ఉంది. దాన్ని చూస్తుంటే, అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడానికి వచ్చానని అప్పుడు తట్టింది. మా నాయన రెండో బోరుకూ మూడో బోరుకూ చేసింది సరిగ్గా అదే. గాజులు తీసుకుని బయటపడ్డాను. ఫ్లాస్కు అక్కడే మరిచిపోతే, ఆ పెద్దావిడ లేచి వచ్చి చేతికిచ్చింది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి నర్సు ఎదురొచ్చి ప్లేట్‌లెట్లు యాభై ఐదు వేలకు పెరిగాయని చెప్పింది. మామూలుగా అయితే ఏడ్చేసేదాన్ని సంతోషంతో. మా ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆరు రోజుల్లో అదే మొదటిసారి కూర్చోవడం. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది. టెన్షన్ పెట్టొద్దన్న డాక్టరు మాట గుర్తుంది. అయినా కట్ట తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన ముఖం పాలిపోయింది. అది జ్వరం వల్ల కాదు.

"బ్యాంకులవాళ్ళు ఫోన్ చేశారు. రెండు బ్యాంకులు. అన్నీ కూడి చూశాను. ఇరవై మూడు లక్షల అరవై వేలు. ఎక్కడ పెట్టావు? ఎవరికిచ్చావు? నాకు నిజం చెప్పు, ఇప్పుడే చెప్పు."

"ఇరవై మూడు లక్షలేంది?" ఆయన నిజంగానే అయోమయంగా చూశాడు. కరెంటు బిల్లు వెనక నా కూడిక చూపించాను. కాసేపు దాన్ని కళ్ళు చికిలించి చూశాడు. తరువాత అన్నాడు. "ఇవి అప్పులు గాదే. గవి లిమిట్లు. నేను తీసుకున్నది గాదు, గంత వరకు వాడుకోవచ్చని వాళ్ళు రాసిచ్చింది."

"అయితే వాడినదెంత?"

"ఈ నెల? తొంభై వేలు గిట్ల ఉంటయి. అవి కూడా ఖాతాల ఉన్నయి. జర ఫోన్ ఇయ్యి."

క్లిప్పు తీసి, వేలు పెట్టి ఫోన్ తెరిచాడు. ఖాతా చూపించాడు. అందులో రెండు లక్షల పైచిలుకు ఉంది. నాకు నమ్మకం కలగలేదు. మళ్ళీ లోడ్ చేయించి చూశాను.

మంచం అంచున కూర్చుని, ఆయన నీరసంగా ఆగి ఆగి చెప్పింది విన్నాను. మా ఇద్దరి జీతాలూ వచ్చిన రోజే ఖర్చుపెట్టడట. ఖాతాలో ఒక మేరకు మించి ఉన్నది దానంతటదే డిపాజిట్‌లోకి పోతుందట. సరుకులు, పెట్రోలు, కరెంటు, పాప బడి ఫీజు, అన్నీ కార్డుల మీద. ఒక్కో కార్డుకు ఒక్కో పని. పెట్రోలుకు ఒకటి, రైలు టికెట్లకు ఒకటి, సరుకులకు ఒకటి, దేని మీద దేనికి ఎక్కువ తిరిగివస్తుందో చూసి. కార్డు మీద అంటించిన మొదటి అంకె బిల్లు తయారయ్యే తారీఖు, రెండోది కట్టాల్సిన గడువు. బిల్లు తయారైన మర్నాడు పెద్ద వస్తువు కొంటే దాదాపు యాభై రోజులు వడ్డీ లేకుండా మన డబ్బు మన దగ్గరే ఉంటుంది. గడువు రోజున మొత్తం కట్టేస్తాడు. మినిమం అని రాసి ఉండే చిన్న మొత్తం మాత్రమే కట్టి మిగతాది ఏనాడూ వదిలేయలేదట.

"ఒక్క రూపాయి వడ్డీ కట్టలే ఇన్నేండ్లల్ల. నీ మీద ఒట్టు. ఎన్నడన్న చేతిల పైసలు లేకుంట కొన్నమా మనం?"

లేదు. అది నిజమే.

"మరి ఆ ఫ్రిజ్? పండగకు కంపెనీ వాళ్ళు వోచర్ ఇచ్చారన్నావు?"

తల దించుకున్నాడు. "కార్డుల పాయింట్లు. కొన్నప్పుడల్ల జమయితయి, గవిటితోనే తెచ్చిన."

"అమ్మ కంటి ఆపరేషన్‌కు విమానంలో వచ్చింది. ఆఫీసు ఆఫర్ అన్నావు."

"గదీ పాయింట్లే."

నాకు ఇరవై మూడు లక్షలు అప్పు లేదని తెలిసినందుకు గుండె తేలికపడాలి. పడలేదు. ఆ విమానం సంగతి నేను ఎంతమందికి చెప్పుకున్నానో! అమ్మ కిటికీ పక్కన కూర్చుని వచ్చి, దిగాక వారం రోజులు ఆ మబ్బుల గురించే మాట్లాడింది. మా ఇంట్లో నేను చల్లగా తాగిన ప్రతి గ్లాసు నీళ్ళూ నేను వద్దన్న దాంట్లోంచే వచ్చాయి. ఏడేళ్ళు నేను ఒక ఇంట్లో ఉన్నాననుకున్నాను, ఇంకో ఇంట్లో ఉన్నాను. అదీ నాకు తగిలిన దెబ్బ.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వింటుంటివా?" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. "రెండుసార్లు మొదలుపెట్టిన. కార్డు అన్న మాట రాంగనే నీ మొఖం ఎట్లయితదో నీకు తెల్వదు. చిన్నపిల్లలెక్క అయితవు. ఇగ ఎందుకు పరేషాన్ చేసుడు అని ఊకున్న."

ఆయన ఒళ్ళోంచి కట్ట తీసి నా బ్యాగులో వేసుకున్నాను.

అంత తెలివిగా నడిపినవాడు మరి ఫోన్లు ఎందుకు వచ్చేలా చేశాడు? బ్యాంకు తనంతట తానే బిల్లు తీసుకునే ఏర్పాటు ఉంటుంది. ఆయన కావాలనే అది పెట్టుకోలేదు. చివరి రోజు వరకు డబ్బు తన దగ్గరే ఉంచుకుని, ఆ రోజు తన చేత్తో కట్టడంలో ఒక సంతోషం ఉండేదట ఆయనకు. తారీఖులన్నీ తలలో ఉండేవి. ఆ తల ఆరు రోజులు నూట మూడు జ్వరంలో ఉంది. ఫోన్ నా బ్యాగులో సైలెంట్‌లో ఉంది. గుర్తుచేసే మెసేజీలన్నీ అందులో మూగగా పడి ఉన్నాయి. మూడు కార్డుల గడువు ఆ వారంలోనే దాటిపోయింది.

ఆ సాయంత్రమే, సెలైన్ సీసా పక్కన, ఆయన చెబుతుంటే నేను నొక్కుతూ మూడు బిల్లులూ కట్టేశాం. ఇక అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. తరువాతి నెల బిల్లులు ఇద్దరం కలిసి చూశాం. ఆయన ఇంటికొచ్చి, ఇంకా నీరసంగానే, బొప్పాయి ముక్కలు తింటున్నాడు. మూడు కార్డుల మీద కలిపి ఆలస్య రుసుము, వడ్డీ, దాని మీద పన్ను, అన్నీ చేరి ఏడువేల చిల్లర. ఆలస్యమైన వారానికే వడ్డీ అనుకున్నాను నేను. కాదు. ఒకసారి గడువు తప్పితే, కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క కడతారు. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే కార్డు మీద కొన్న మందులకు కూడా మొదటి రోజు నుంచే పడింది. ఆయన చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, కానీ తన బిల్లు మీద ఏనాడూ చూడలేదు.

"మూడు నెల్లు మిగిలిచ్చింది పోయింది" అన్నాడు. ఏడాదికి ఆయనకు కార్డుల మీద మిగిలేది ముప్పై వేల దాకా ఉండేదట.

కస్టమర్ కేర్‌కు నేను ఫోన్ చేశాను. కార్డు ఉన్నవాళ్ళే మాట్లాడాలన్నారు. ఆయన స్పీకర్లో తన వివరాలు చెప్పాక నేను అందుకున్నాను. డిశ్చార్జ్ కాగితాలు పంపాను. రెండు బ్యాంకులు ఆలస్య రుసుము వెనక్కి ఇచ్చాయి. మూడోది ఇవ్వలేదు. వడ్డీ ఎవరూ ఇవ్వలేదు. లోన్ ఇచ్చేముందు బ్యాంకులు చూసే క్రెడిట్ స్కోరు కూడా కొంత పడింది. ఆ ఏడాది ఇంటి లోన్‌కు వెళదామని ఆయన అనుకుంటున్నాడని నాకు అప్పుడే తెలిసింది. ఇంకో విషయం, ఇంకో దెబ్బ.

నేను ఆయనతో మూడు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. జావ ఇచ్చాను, మందులు ఇచ్చాను, మాట ఇవ్వలేదు. అమ్మ గమనిస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఏమైంది మీ ఇద్దరికీ?" అని అడిగింది. చెప్పాను. అరుగు మీద కూర్చున్న ఆ మనిషికి మూడు పూటలా కాఫీ ఇచ్చిన మా అమ్మ నాకంటే ఎక్కువ హడలిపోతుందనుకున్నాను. ఆమె చేతులు ఆగనైనా ఆగలేదు.

"మీ నాయన ఎరువుల అంగట్లో ఖాతా పెట్టుకోలేదా? పంట రాంగానే కడతా ఉండె. కట్టినన్నాళ్ళూ అంగడాయప్ప మనకు మంచి ఇత్తనాలు ముందుగా తీసిపెడతా ఉండె. అది వాడుక మే. దాన్ని అప్పు అనరు. బోర్లకు తెచ్చింది, అదీ అప్పు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగితివి? నీకు ఆ చెప్పులే గుర్తు" అంది.

ఆ చెప్పుల సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు. అమ్మ చూసిందన్నమాట.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనే మాట కలిపాను. తరువాత పనులు ఒకటొకటిగా జరిగాయి. పదకొండులో ఎనిమిది కార్డులు మూయించాం. అన్నింటికంటే పాతది మాత్రం ఉంచమన్నాడు, పాత ఖాతా ఉంటే స్కోరుకు మంచిదట. దాంతో కలిపి మిగిలిన మూడింటికీ మొత్తం బిల్లు ఖాతాలోంచి దానంతటదే పోయే ఏర్పాటు పెట్టించాను. ఆయనకు అది కొంచెం చిన్నతనంగా అనిపించింది, కానీ ఒప్పుకున్నాడు. ఫోన్ తెరిచే నంబరు నాకు చెప్పాడు. ఏ నెల ఎంత వాడామో ఇద్దరం కూర్చుని చూస్తాం. మొదట్లో ఆ కూర్చోవడం నాకు పరీక్షలా ఉండేది.

ఆరు నెలల తరువాత నా పేరు మీద ఒక కార్డు తీసుకున్నాను. మొదటి నెల దాంతో కొన్నది రెండే, పాపకు బడి బూట్లు, అమ్మకు చుక్కల మందు. బిల్లు వచ్చిన గంటలోనే కట్టేశాను. పక్కన కూర్చుని చూస్తున్న మా ఆయన ఉండబట్టలేక, "ఇంక ఇరవై రోజులున్నయి కదనే గడువు. అప్పటిదాక పైసలు మన దగ్గరుంటే పది రూపాయలన్న వడ్డీ వస్తుండె" అన్నాడు.

"పోనీ" అన్నాను. "ఆ పది రూపాయలు నా నిద్రకు కట్టానని రాసుకో."